రెండు స్టార్లు పెట్టినంత మాత్రాన అది టూ-డీ అర్రే కాదు

అందరికీ నమస్కారం. సీ భాషలో 1500 వరుసలు, 1500 కాలమ్‌ల ఇంట్ అర్రేని ఫంక్షన్ లోపల మామూలుగా డిక్లేర్ చేశామనుకోండి. ఇంట్‌కి 4 బైట్ల లెక్కన 90 లక్షల బైట్లు. ఫంక్షన్ వేరియబుల్స్ ఉండే మెమరీ భాగం స్టాక్; లినక్స్‌లో దానికి సాధారణంగా ఉండే పరిమితి 8 ఎంబీ, అంటే సుమారు 84 లక్షల బైట్లు. వాడగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రామ్ కూలుతుంది. అందుకే హీప్ అనే వేరే మెమరీ భాగంలో, మాలక్ ఫంక్షన్‌తో అడిగి చోటు తెచ్చుకుంటాం.

ఎక్కువమందికి తెలిసిన దారి పాయింటర్‌కి (అడ్రస్ దాచే వేరియబుల్‌కి) పాయింటర్, అంటే రెండు స్టార్లు. ముందు వరుసల అడ్రస్‌లకు ఒక పట్టిక, తర్వాత లూప్‌లో ఒక్కో వరుసకూ ఒక్కో మాలక్. మొత్తం 1501. మెమరీ తిరిగిచ్చే ఫ్రీలూ అన్నే, అదీ వరుసలు ముందు, పట్టిక చివర. 700వ వరుసకు మాలక్ నల్ ఇస్తే, అంటే మెమరీ దొరక్కపోతే, అప్పటిదాకా తెచ్చిన 699 వరుసల్నీ, పట్టికనూ ఫ్రీ చేసి బయటపడాలి. ఆ కోడ్ రాసేవాళ్లు అరుదు.

ఇక్కడే ఇంకో తప్పు దొర్లుతుంది. పట్టికకు మాలక్ అడిగేటప్పుడు సైజాఫ్ ఇంట్ స్టార్ (ఒక పాయింటర్ సైజు) అనాల్సింది సైజాఫ్ ఇంట్ అని రాస్తారు. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్ 8 బైట్లు కాబట్టి పట్టికలో 750 అడ్రస్‌లకే చోటు. 751వది మనం అడగని మెమరీలో పడుతుంది. తప్పు ఇక్కడ, ప్రోగ్రామ్ కూలేది ఎప్పుడో ఫ్రీ దగ్గర! మన పాయింటర్ పేరు ఏ అయితే, టైపు పేరు మానేసి, సైజాఫ్ స్టార్ ఏ అనడం అలవాటు చేసుకోండి.

సీ99 నుంచి ఇంతకంటే శుభ్రమైన దారి ఉంది. డిక్లరేషన్ ఇలా చదవండి: ఇంట్, బ్రాకెట్లలో స్టార్ ఏ, పక్కన చదరపు బ్రాకెట్లలో ఎన్. అంటే ఎన్ ఇంట్‌లున్న వరుసకు పాయింటర్. వరుసలు ఎమ్ అయితే, మాలక్‌కి ఎమ్ ఇంటూ సైజాఫ్ స్టార్ ఏ ఇవ్వండి. ఏ ఆఫ్ ఐ, జే (ఐ వరుస, జే కాలమ్) ఎప్పటిలాగే పనిచేస్తుంది. మాలక్ ఒకటే, ఫ్రీ ఒకటే, మెమరీ అంతా ఒకే ముక్క. ఫంక్షన్‌కి పంపేటప్పుడు మాత్రం ఎన్ ముందు, అర్రే తర్వాత. దీన్ని రెండు స్టార్ల పారామీటర్‌కి పంపకండి; కంపైలర్ వార్నింగ్‌ని కాస్ట్‌తో (టైపు బలవంతంగా మార్చి) నోరు మూయిస్తే రన్ అయ్యేటప్పుడు కూలుతుంది.

మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఈ సీ99 పద్ధతి నడవదు. అక్కడ ఒకే బ్లాక్ తీసుకుని ఐ ఇంటూ ఎన్ ప్లస్ జే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఇంట్‌లో వద్దు: 50000 ఇంటూ 50000 అంటే 250 కోట్లు, ఇంట్ 214 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. సైజులకు వాడే సైజ్ టీ అనే టైపు వాడండి.

వరుసల పొడవులు వేరువేరుగా ఉంటే మాత్రం రెండు స్టార్ల పద్ధతే సరైనది.