ఒకే పాట, నాలుగు డబ్బాలు

(నల్లగొండలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నల్లగొండలోనే కాదు, దేవరకొండ, నాగర్‌కర్నూల్ దాకా ఇళ్లలోకి ఫైబర్ కనెక్షన్లు వచ్చేశాయి. వాటి వెంటే ఒక ప్రశ్న కూడా వచ్చింది. ఇంట్లో పాత ఆంప్లిఫైయరు, రెండు స్పీకర్లు మంచిగనే ఉన్నాయి. ఫోన్‌లో పాట వైరు లేకుండా వాటిలో మోగాలి. దానికి ఏ డబ్బా కొనాలి? బ్లూటూత్ రిసీవరా, టీవీకి పెట్టే క్యాస్టింగ్ డబ్బానా, పిల్లలు ప్రాజెక్టులకు వాడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డా, లేకపోతే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వేసే, షాపులో అద్దాల వెనక మెరిసే ఖరీదైన స్ట్రీమరా? "వీటిలో దేంట్లో సౌండ్ బాగుంటది సార్?" అని నన్ను చాలామంది అడుగుతున్నారు.

పేరు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పేరు చెబితే మీరు కొనేస్తారు, సౌండ్ సంగతి అట్లనే ఉండిపోతుంది. అందుకే పేరు చెప్పను, పోల్చే పద్ధతి చెబుతాను. ఆ పద్ధతిలో పోలిస్తే సరిగా తయారైన ఈ డబ్బాల మధ్య తేడా మనం అనుకునేదానిలో పదో వంతు కూడా ఉండదని నా అభిప్రాయం. పెద్ద తేడాలు వేరే చోట ఉన్నాయి. అక్కడికీ వస్తాను.

ముందుగా ఒక చిన్న పని చేద్దాం. ఇప్పుడు డప్పు వాయింపు ఒకటి రెండుసార్లు వేస్తాను. మొదటిసారి ఒక డబ్బా నుంచి, రెండోసారి ఇంకో డబ్బా నుంచి అనుకోండి. ఏది బాగుందో చేతులెత్తి చెప్పండి.

... రెండోదానికే ఎక్కువ చేతులు లేచాయి. వెనక వరసలో ఒకాయన "రెండోదాంట్ల దెబ్బ గట్టిగ పడ్డది, క్లియర్‌గ ఉంది" అంటున్నారు. మంచిది. నేను డబ్బా మార్చలేదు. రెండుసార్లూ అదే డబ్బా, అదే వైరు, అదే పాట. రెండోసారి వాల్యూమ్ ఒక్క పిసరు పెంచాను, అంతే. అది పెరిగిందని మీలో ఒక్కరు కూడా అనలేదు. "క్లియర్‌గ ఉంది" అన్నారు.

మన చెవి తీరే అంత. కొంచెం గట్టిగా వినిపిస్తే దాన్ని "గట్టిగా ఉంది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. బేస్ నిండుగా ఉన్నట్టు, గొంతు ముందుకు వచ్చినట్టు అనిపిస్తుంది. తక్కువ సౌండ్‌లో బేస్ మన చెవికి సరిగా అందదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. ఇప్పుడు షాపు సంగతి చూడండి. ఒక డబ్బా వెనక పిన్నుల్లో 2 వోల్టుల సిగ్నల్ వస్తుంది. ఇంకోదాంట్లో 1 వోల్టే వస్తుంది. అంటే సౌండ్‌ను కొలిచే డెసిబెల్ లెక్కలో 6 తేడా. ఆంప్లిఫైయరు నాబ్ కదపకుండా ఒకటి తీసి ఇంకోటి పెడితే 2 వోల్టులదే గెలుస్తుంది, అందులో ఏ చిప్ ఉన్నా సరే. సేల్స్‌మన్ మోసం చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు.

కాబట్టి లెవెల్ సమానం చేయాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఏ ఎలక్ట్రీషియన్ సంచిలోనైనా ఉండే మల్టీమీటరు చాలు. ఫోన్‌లో 100 హెర్ట్జ్ టోన్, అంటే ఒకే తీరుగా మోగే సౌండ్, ఒకటి పెట్టుకోండి. పదివేల హెర్ట్జ్ టోన్ పెట్టకండి, చవక మీటర్లు అంత పైన సరిగా కొలవలేవు; అవి 50 హెర్ట్జ్ కరెంటు కోసం తయారైనవి. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, రెండు కడ్డీలు ఆంప్లిఫైయరు వెనక స్పీకర్ వైర్లు బిగించే చోట ఆనించండి. స్పీకర్ వైర్ల దగ్గరండీ, గోడ సాకెట్‌లో కాదు! ఒక డబ్బాతో 2.00 వోల్టులు చూపిస్తే రెండోదాన్ని కూడా అక్కడికి తేవాలి. 2.02 చూపిస్తే తేడా 0.1 డెసిబెల్, ఫరవాలేదు. 2.24 చూపిస్తే 1 డెసిబెల్ తేడా ఉన్నట్టు, ఇక ఆ పోలిక పనికిరాదు. చెవితో "సమానంగనే ఉందిలే" అనుకోవడం కుదరదు. ఇందాక మీరే చూశారు.

ఇక రెండోది. వింటున్నది ఏదో తెలియకూడదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు అవే నాలుగు స్పీకర్లను ఒకసారి కనపడేటట్టు పెట్టి, ఒకసారి తెర వెనక పెట్టి మార్కులు వేయించారు. తెర వేస్తే మార్కులు మారిపోయాయి. విన్నవాళ్లు అమాయకులేం కాదు, హర్మన్ అనే ఆడియో కంపెనీలో పనిచేసేవాళ్లే. ధర, పేరు, డబ్బా బరువు చెవి కంటే ముందే తీర్పు ఇచ్చేస్తాయి.

ఇంట్లో ఎట్లా చేయాలంటే, తమ్ముణ్నో బిడ్డనో ఆంప్లిఫైయరు దగ్గర కూర్చోబెట్టండి. మీరు అటు తిరిగి కూర్చోండి. వాళ్లు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది పెడతారు. ఏది మోగుతోందో మీరు చెప్పాలి, వాళ్లు చీటీ మీద రాసుకోవాలి. పదిసార్లు. పదిలో తొమ్మిదో పదో సరిగా చెబితే మీకు నిజంగా తేడా తెలుస్తోందని నమ్ముతాను, గుడ్డి అదృష్టంతో అన్ని సరిపోయే అవకాశం నూటికి ఒకటి చిల్లర. పదికి ఏడు చెప్పి "చూశావా" అంటే ఒప్పుకోను. నాణెం ఎగరేసినా నూటికి పదిహేడుసార్లు ఏడో, అంతకు మించో వస్తాయి.

ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున జరిగిన పరీక్ష ఒకటుంది. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు సీడీ కంటే ఎక్కువ వివరం పట్టే హై రిజల్యూషన్ డిస్కులు తీసుకుని, ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించారు. సీడీ స్థాయి అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. మొత్తం 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. దాదాపు సగం. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి, నడవనీయండి. "24 బిట్, 192" అని అట్ట మీద చూసి అప్పు చేసి కొనేవాళ్లు మాత్రం ఆ లెక్క ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

అయితే అన్నీ ఒకటేనా? కాదు. పాట ఏ దారిలో వస్తుందనే దాంట్లో అసలైన తేడా ఉంది.

బ్లూటూత్‌లో ఫోనే పాటను విప్పి, మళ్లీ ఇంకో రకంగా కుదించి పంపుతుంది. మామూలు బ్లూటూత్ ఆడియో పరికరాల్లో తప్పనిసరిగా ఉండే కోడెక్ (పాటను కుదించే పద్ధతి) ఎస్‌బీసీ, మంచి సెట్టింగ్‌లో సెకనుకు 328 కిలోబిట్లు. సీడీలో ఉండేది 1,411. ఎల్‌డీఏసీ అనే ఇంకో కోడెక్ అయితే 990 దాకా పోతుంది కానీ ఫోన్‌లోనూ ఉండాలి, రిసీవర్‌లోనూ ఉండాలి. ఐఫోన్‌లో అది లేదు, ఏఏసీ అనే వేరే కోడెక్ ఉంది. అట్ట మీద ఎల్‌డీఏసీ అని చూసి కొని ఐఫోన్‌కు తగిలిస్తే ఆ అక్షరాలకు పెట్టిన పైసలు దండగ. పైగా పాట వచ్చిందే కుదించి వచ్చింది, బ్లూటూత్ మళ్లీ కుదిస్తుంది. యాప్‌లో "డేటా సేవర్" ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

దీన్ని పట్టుకోవడానికి సినిమా పాట వద్దు, అందులో వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి పడి అన్నీ కప్పేస్తాయి. మన పాలమూరు కిన్నెర వినండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర. తీగ మీటగానే ముందు గోటి దెబ్బ, వెంటనే కింద సొరబుర్రల గుంయ్‌మనే మోత, ఆ తర్వాత ఆ మోత సన్నగిల్లి ఆగిపోవడం. ఈ మూడూ విడివిడిగా వినపడాలి. బ్లూటూత్ సిగ్నల్ మంచిగున్నప్పుడు వినపడతాయి కూడా. ఫోన్ జేబులో పెట్టుకుని పక్క గదిలోకి పోతే, కొన్ని ఫోన్, రిసీవర్ జతలు పాట తెగిపోకుండా ఉండడానికి రేటు తగ్గించుకుంటాయి. అప్పుడు గోటి దెబ్బ మొద్దుబారుతుంది, చివరి మోత గరగరలాడుతుంది. డప్పు మీద చిర్ర దెబ్బ కూడా ఇట్లాంటి పరీక్షకు గట్టిదే.

వైఫై దారి వేరు. క్యాస్ట్ చేసినప్పుడు పాట ఫోన్ గుండా రాదు. ఫోన్ "ఫలానా పాట వేయి" అని చెప్పి ఊరుకుంటుంది, డబ్బానే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. అందుకే మీకు ఫోన్ వచ్చినా పాట ఆగదు, పెళ్లివారి వాట్సాప్ గ్రూపు టింగుటింగులు స్పీకర్లలో మోగవు. ఒక్క జాగ్రత్త: యాప్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కడం వేరు, ఫోన్ స్క్రీన్ మొత్తాన్ని టీవీకి పంపడం వేరు. రెండో పద్ధతిలో పాట మళ్లీ ఫోన్ గుండానే పోతుంది.

"ఖరీదైన రౌటరు పెడితే సౌండ్ మెరుగైతదా?" అని అడుగుతారు. కాదు. మిర్యాలగూడ మిల్లు నుంచి లారీలో బియ్యం బస్తాలు వచ్చినట్టు పాట ముక్కలుగా వస్తుంది. ప్రతి బస్తాకూ నంబరుంటుంది, ఒకటి తగ్గితే మళ్లీ పంపమంటారు. దారి బాగాలేదని బియ్యం రకం మారదు, లారీ ఆలస్యమవుతుంది అంతే. వైఫై బలహీనమైతే పాట ఆగుతుంది, లేదా యాప్ తక్కువ నాణ్యత పాటకు దిగుతుంది. కానీ "కొంచెం మందంగా" వినపడడం అనేది వైఫై చేయదు. డబ్బాలోకి చేరిన పాటను సమయానికి బయటికి వదిలేది దాని లోపలి గడియారం, రౌటర్ కాదు.

ఈ డబ్బాల్లో నిజంగా తేడా తెచ్చేది ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. అడాప్టరు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు డ్రాయర్‌లో దొరికిన పాత ఫోన్ చార్జర్ పెట్టి "దీంట్ల సన్నగ కీచుమంటున్నది" అంటారు. ఆ కీచు చార్జర్‌ది. పాటలు ఆగినప్పుడు గూయ్‌మని మోత వినపడితే అది 50 హెర్ట్జ్ హమ్, చాలాసార్లు ఎర్తింగ్ సంగతి. మన నేలలో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. ఆ రెండు బకెట్లు చేసే పని పదివేల వైరు చేయదు.

ఇక పెద్ద తేడాలు. గది. మన ఇళ్ల కింద తాండూరు బండలో, టైల్సో, గ్రానైటో. పైన స్లాబు. చుట్టూ నున్నగా సున్నం కొట్టిన గోడలు. హాల్లో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. టంగుమని తిరిగి వస్తే, ఆ గదిలో ఏ డబ్బా పెట్టినా గొంతులో మాట తేటగా వినపడదు. స్పీకర్లు షోకేస్‌లో మూలకు నెట్టి, పైన పెళ్లి ఫొటో, బొమ్మలు పెడతాం. మూలలో బేస్ ఉబ్బిపోతుంది. ఒక్క జానెడు, రెండు జానెలు గోడ నుంచి ముందుకు లాగండి. కింద జంపఖానా పరవండి, కిటికీలకు మందమైన పరదా వేయండి. వచ్చిన మార్పును పది చీటీల పరీక్షలో కళ్లు మూసుకుని పదికి పది చెబుతారు.

కూలర్ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో కూలర్ ఆపి ఎవరూ పాట వినరు. దాని మోత 60 డెసిబెల్ దగ్గర ఉంటుంది. మీరు పాటను 85లో పెట్టారనుకోండి, మీకు మిగిలింది 25. 16 బిట్ పాటలోనే సన్న సౌండ్ నుంచి గట్టి సౌండ్ దాకా 96 డెసిబెల్ చోటుంది. 24 బిట్ కావాలని కొట్లాడేవాళ్లు ముందు కూలర్‌తో కొట్లాడాలి.

కొనేవాళ్లకు చివరగా ఒక మాట. సౌండ్ కంటే ఈ డబ్బాల ఆయుష్షు నాకు పెద్ద బెంగ. స్క్వీజ్‌బాక్స్ మంచి పేరున్న స్ట్రీమర్, 2012లో ఆపేశారు. చిన్న బిళ్లంత క్రోమ్‌కాస్ట్ ఆడియో 2015లో వచ్చి 2019 జనవరిలో ఆగిపోయింది. ఇళ్లల్లో మిగిలినవి కూడా 2025 మార్చిలో డబ్బా అసలైనదేనని చూపే ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరి కొన్ని రోజులు మూగబోయాయి, సరిచేశాక మళ్లీ పలికాయి. డబ్బా చెడిపోలేదు, గడువు తీరిన సర్టిఫికెట్‌ను అవతలివైపు ఒప్పుకోలేదు. అందుకే స్పీకరు, ఆంప్లిఫైయరు, స్ట్రీమరు అన్నీ ఒకే పెట్టెలో కలిపి అమ్మేదాన్ని కొనాలంటే నాకు చెయ్యాడదు. ఒకటి పోతే మూడూ పోతాయి. ఎర్ర, తెల్ల పిన్నులున్న పాత ఆంప్లిఫైయరు ఉంచుకోండి. దానికి చవక డబ్బా తగిలించండి. నాలుగేళ్లకు అది పోతే ఇంకో చవక డబ్బా. మిగిలిన పైసలు స్పీకర్లకు పెట్టండి. సినిమాలు కూడా అదే సెట్టుతో చూసేవాళ్లకు బ్లూటూత్ వద్దు, టీవీ నుంచి వైరే వేయండి. బ్లూటూత్‌లో సౌండ్ ఆలస్యమై, పెదవి కదిలాక మాట వస్తుంది.

ఇక అడగండి. బోరు మోటారు వేసినప్పుడల్లా స్పీకర్లో టక్కుమంటున్నదని అడిగేవాళ్లు మాత్రం ముందు ఇంట్లో ఎర్త్ వైరు నిజంగా గుంతలోకి దిగిందో, మీటర్ బోర్డు దగ్గరే ఆగిపోయిందో చూసి రండి.