లారీ పొదుపు ఇంజన్ బయటే ఎక్కువ

సభకు నమస్కారం.

దూరప్రయాణపు లారీల మైలేజీ మాట ఎత్తగానే అందరి చూపూ ఇంజన్ మీదికే పోతుంది. నిజానికి నేటి మంచి ట్రక్కు ఇంజన్, అనుకూలమైన వేగంలో నడిచేటప్పుడు, డీజిల్‌లోని శక్తిలో 43 నుంచి 46 శాతం దాకా పనిగా మారుస్తుంది. అక్కడ మరొక్క శాతం రాబట్టాలంటే ఏళ్ల తరబడి పరిశోధన కావాలి. లారీలు నడిపేవారి చేతికందే పొదుపు ఇంజన్ బయట ఉంది.

హైవే వేగంలో చక్రాలకు అందిన శక్తిలో సుమారు సగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. ఈ గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గంటకు 90 కిలోమీటర్ల నుంచి 80కి దిగితే అది దాదాపు 21 శాతం తగ్గిపోతుంది. అదే వేగాలతో 600 కిలోమీటర్లు పోతే ప్రయాణం 50 నిమిషాలు మాత్రమే పెరుగుతుంది. సరుకు దించే చోట గంటల కొద్దీ లారీని నిలబెట్టే మనం ఆ 50 నిమిషాల కోసం డ్రైవర్‌ను తొందరపెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. క్యాబిన్ పైన గాలిమళ్లింపు తొడుగు, ట్రైలర్ పక్కలకు పలకలు బిగిస్తే, వేగం తగ్గించకుండానే నిరోధం మరికొంత తగ్గుతుంది.

ఇక పొగ సంగతి. సైలెన్సర్ దారిలో యూరియా ద్రావణం చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను, వడపోతతో మసిని పట్టుకోవచ్చు. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది: దహనం వేడిగా జరిగితే ఇంధనం ఆదా అవుతుంది కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, వాటిని బయట శుభ్రం చేసే ఏర్పాటు వచ్చాక ఇంజన్‌ను ఆదా వైపు సరిదిద్దుకునే వీలు చిక్కింది. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం అలాంటి వడపోత లేదు. కిలో కూడా తూగని లీటరు డీజిల్, కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని, రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దాన్ని తగ్గించాలంటే తక్కువ డీజిల్ కాల్చాల్సిందే.

టైర్ల విషయంలో జరిగే పొరపాటు చాలా చిన్నది. జంట చక్రాల్లో బయటి టైరుకు అందరూ గాలి చూస్తారు. లోపలి టైరు వాల్వు చేతికి అందదు కనుక, సుత్తితో ఒక దెబ్బ కొట్టి, మోత విని సరేననుకుంటారు. పూర్తిగా దిగిపోయిన టైరును ఆ మోత పట్టిస్తుందేమో కానీ, పది పాయింట్లు తగ్గిన గాలిని పట్టించలేదు. అలా తగ్గిన టైరు నేలకు మరింత అణగి, ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి ఖర్చయ్యేది మన డీజిలే. వాల్వుకు పొడిగింపు గొట్టం తగిలించి, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూడాలి.

చివరగా, ఆగి ఉన్న లారీ. పెద్ద ఇంజన్‌ను ఊరికే ఆన్‌లో ఉంచితే గంటకు సుమారు మూడు లీటర్లు తాగుతుంది. ఎనిమిది గంటల రాత్రికి 24 లీటర్లు. ఇందుకు డ్రైవర్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఉక్కపోసే క్యాబిన్‌లో నిద్రపట్టనివాడు మర్నాడు స్టీరింగ్ దగ్గర తూగుతాడు. నడిచేటప్పుడు ఛార్జి అయ్యి, ఆగినప్పుడు ఇంజన్ లేకుండా పనిచేసే బ్యాటరీ ఏసీ బిగించాల్సింది యజమాని.