ట్యాబ్ తెరిచే ఉంది, పని జరుగుతోందా? జూపిటర్ సర్వర్లలో ఖాళీ సెషన్లు, గంటల తరబడి నడిచే లెక్కలు

అందరికీ నమస్కారం.

ఇక్కడ రెండు రకాల వాళ్లున్నారు. కాలేజీల్లో, ల్యాబుల్లో జూపిటర్‌హబ్ (బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లని ఒకే చోటినుంచి చాలామందికి ఇచ్చే ఏర్పాటు) నడిపే అడ్మిన్లు ఒకవైపు, ఆ సర్వర్ మీద రాత్రంతా మోడల్ ట్రెయిన్ చేసుకునే విద్యార్థులు, పరిశోధకులు మరోవైపు. ఎవరూ వాడని సెషన్లు ర్యామంతా తినేస్తున్నాయని అడ్మిన్ల బాధ. రాత్రి రన్ పెట్టి వెళ్తే పొద్దునకి కెర్నల్ (కోడ్‌ని నడిపే ప్రాసెస్) పోయిందని విద్యార్థుల బాధ. ఇద్దరూ చెప్పేది నిజమే, రెండు ఫిర్యాదుల మూలమూ ఒక్కటే. ఒక సెషన్ ఖాళీగా ఉందా లేదా అని తేల్చడానికి సర్వర్ సీపీయూ వాడకాన్ని చూడదు. సందేశాల రాకపోకల్ని చూస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావన్నీ విడిపోతాయి.

జూపిటర్‌లో మూడు భాగాలున్నాయి. మనం చూసే పేజీ బ్రౌజర్‌లో ఉంటుంది. దాని వెనక నోట్‌బుక్ సర్వర్, దాని వెనక కెర్నల్. పైథాన్ కోడ్ నడిచేది కెర్నల్‌లోనే. అది విడి ప్రాసెస్. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య సందేశాలు మోసేది వెబ్‌సాకెట్ అనే కనెక్షన్, సర్వర్‌కీ కెర్నల్‌కీ మధ్య జీరోఎంక్యూ అనే లైబ్రరీ. ట్యాబ్ మూసేస్తే తెగేది వెబ్‌సాకెట్ ఒక్కటే. కెర్నల్ తన లెక్క తాను చేసుకుంటూనే ఉంటుంది, వేరియబుల్స్ అన్నీ మెమరీలో అలాగే ఉంటాయి.

మరి అవుట్‌పుట్ ఏమవుతుంది? చాలామంది ఇక్కడే కంగారుపడతారు. ల్యాప్‌టాప్ మూసి ఇంటికెళ్లి మళ్లీ పేజీ తెరిచారనుకోండి. సెల్ (నోట్‌బుక్‌లో కోడ్ రాసే గడి) పక్కన, నడుస్తోందని చెప్పే నక్షత్రం గుర్తు ఉండదు, కింద ప్రింట్ అయిన లైన్లు సగంలో ఆగిపోయి ఉంటాయి. రన్ ఆగిపోయిందనుకుని మళ్లీ షిఫ్ట్ ఎంటర్ కొడతారు. నిజానికి పాత రన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, కొత్తది దాని వెనక క్యూలో చేరుతుంది. మామూలు అమరికలో నోట్‌బుక్ పత్రం ఉండేది బ్రౌజర్ చేతిలో. వచ్చిన అవుట్‌పుట్‌ని సెల్ కింద పెట్టి ఫైల్‌లో సేవ్ చేసేది కూడా బ్రౌజరే. అది లేని వేళ వచ్చిన లైన్లు ఫైల్‌లోకి ఎక్కవు. నెట్ కాసేపు తెగి అదే పేజీ మళ్లీ కలిస్తే, సర్వర్ దాచిపెట్టిన సందేశాలు వెనక్కి వస్తాయి. పేజీని రీలోడ్ చేస్తే మాత్రం ఆ భరోసా లేదు. అందుకే తిరిగి రాగానే చూడాల్సింది సెల్‌ని కాదు, పైన కుడివైపు కెర్నల్ పేరు పక్కనున్న చిన్న వృత్తాన్ని. నిండుగా ఉంటే కెర్నల్ పనిలో ఉన్నట్టు, బోలుగా ఉంటే ఖాళీగా ఉన్నట్టు.

ఇక సెషన్లను మూసేసే యంత్రాంగం. దీన్ని కల్లింగ్ అంటాం. ఇది రెండు అంచెల్లో జరుగుతుంది, రెండూ వేర్వేరు లెక్కల మీద నడుస్తాయి.

మొదటి అంచె కెర్నల్ స్థాయిలో ఉంది. జూపిటర్ సర్వర్ సెట్టింగుల్లో 'కల్ ఐడిల్ టైమౌట్' విలువ మొదట 0గా ఉంటుంది, అంటే కెర్నల్‌ని ఎప్పటికీ మూయదు. మీరు విలువ ఇస్తే ప్రతి 300 సెకన్లకోసారి తనిఖీ చేస్తుంది. 'కల్ బిజీ' మామూలుగా ఆపి ఉంటుంది కాబట్టి లెక్క మధ్యలో ఉన్న కెర్నల్ జోలికి పోదు. ఇది సరైన ఏర్పాటు, మార్చకండి. 'కల్ కనెక్టెడ్' కూడా ఆపే ఉంటుంది. చిక్కు దీనితోనే వస్తుంది. ట్యాబ్ తెరిచి ఉన్న కెర్నల్‌ని ఇది ముట్టుకోదు. మనవాళ్ల బ్రౌజర్లలో ట్యాబులు వారాల తరబడి తెరిచే ఉంటాయి కదా! బస్సులో సీటు మీద తువ్వాలు వేసి దిగిపోయినట్టు, ఆ ర్యామ్ ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. కోటి వరుసలు, 50 కాలమ్స్ ఉన్న ఫ్లోట్64 (ఒక్కో సంఖ్యకి 8 బైట్లు) టేబుల్ ఒక్కటే 400 కోట్ల బైట్లు, అంటే 4 జీబీ. అలాంటి ట్యాబులు పదహారు తెరిచి వదిలేస్తే 64 జీబీ సర్వర్ నిండిపోయినట్టే. నా సలహా ఇది: టైమౌట్ 2 గంటలు, 'కల్ కనెక్టెడ్' ఆన్, 'కల్ బిజీ' ఆఫ్.

రెండో అంచె హబ్‌ది. జూపిటర్‌హబ్ ఐడిల్ కల్లర్ అనే విడి సర్వీస్ ఒక్కొక్కరి మొత్తం సర్వర్‌నే ఆపేస్తుంది. ఒకే యంత్రం మీద నడిచే చిన్న అమరికైన టీఎల్‌జేహెచ్ (ది లిటిలెస్ట్ జూపిటర్‌హబ్)లో దీని గడువు మొదట 600 సెకన్లు, పది నిమిషాలే. చాలా యంత్రాల మీద కంటైనర్లని నడిపే కుబెర్నెటీస్ కోసం ఉన్న ఇన్‌స్టాల్ ప్యాకేజీ హెల్మ్ చార్ట్‌లో 3600 సెకన్లు. ఈ కల్లర్‌కి కెర్నల్ బిజీగా ఉందా లేదా అన్నది పట్టదు. చివరి కదలిక ఎప్పుడు జరిగింది అన్నదే చూస్తుంది. ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపు వెబ్‌సాకెట్ మీద పింగులు నడుస్తుంటాయి, హబ్‌తో మామూలుగా వచ్చే ప్రాక్సీ (బ్రౌజర్ అభ్యర్థనల్ని ఎవరి సర్వర్‌కి వాళ్లకి చేర్చే ప్రోగ్రామ్) వాటినీ కదలికగానే లెక్కేస్తుంది. ట్యాబ్ మూశాక మిగిలేది కెర్నల్ పంపే సందేశాలే. ఒక్క లైనూ ప్రింట్ చేయకుండా మూడు గంటలు మౌనంగా మ్యాట్రిక్స్ తిప్పే సెల్ ఈ కల్లర్ కంటికి ఖాళీ సెషన్‌లాగే కనిపిస్తుంది. రాత్రి పోయిన కెర్నల్స్‌లో చాలావాటి కథ ఇదే. ఏమీ చేయని ట్యాబ్ బతుకుతుంది, ఒళ్లొంచి పనిచేసే సెల్ చచ్చిపోతుంది.

అడ్మిన్లు పది నిమిషాల గడువుని కనీసం గంటకి పెంచండి. టీఎల్‌జేహెచ్‌లో సర్వీసెస్ కింద కల్ టైమౌట్‌ని 3600కి మార్చి, కాన్ఫిగ్‌ని రీలోడ్ చేస్తే చాలు. విద్యార్థులు లూప్‌లో పది నిమిషాలకోసారి ఒక ప్రోగ్రెస్ లైన్ ప్రింట్ చేయండి. ఆ లైన్ చూసే బ్రౌజర్ లేకపోయినా సర్వర్ దాన్ని కదలికగా నమోదు చేస్తుంది. ఇందులో దొంగతనం ఏమీ లేదు, నిజంగా జరుగుతున్న పనిని చెప్పడమే. ప్రతి ఇటరేషన్‌కీ ప్రింట్ మాత్రం వద్దు. సెకనుకి 1000 సందేశాలో 10 లక్షల బైట్లో దాటితే ఐఓపబ్ (కెర్నల్ అవుట్‌పుట్ పంపే దారి) పరిమితి తగిలి అవుట్‌పుట్ ఆగిపోతుంది, నోట్‌బుక్ ఫైల్ కూడా ఉబ్బిపోతుంది.

సెషన్ ఖాళీగా కనిపించకుండా బ్రౌజర్ కన్సోల్‌లో జావాస్క్రిప్ట్ పెట్టి నిమిషానికోసారి బటన్ నొక్కించే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. వాటి జోలికి పోకండి. గూగుల్ వాళ్ల ఉచిత కోలాబ్‌లో నోట్‌బుక్ గరిష్ఠంగా 12 గంటలు నడవొచ్చు, అదీ అప్పటి లభ్యతని బట్టి, మీ వాడకాన్ని బట్టి. ఆ గీత ఏ క్లిక్కుకీ చెరగదు. తాత్కాలిక నోట్‌బుక్‌లు ఇచ్చే మైబైండర్‌లో పది నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ పోతుంది, అందులో రాసిన ఫైళ్లూ దానితోపాటే పోతాయి. దీర్ఘ లెక్కలకి అది చోటు కాదు. నోట్‌బుక్‌లు నడిపే మరో సైట్ కాగుల్‌లో మాత్రం 'సేవ్ అండ్ రన్ ఆల్' వాడితే మీ బ్రౌజర్‌తో సంబంధం లేకుండా వెనక నడుస్తుంది. ఉమ్మడి సర్వర్‌లో అయితే అలా బటన్ నొక్కించే స్క్రిప్ట్ పెట్టడమంటే పక్కవాడి ర్యామ్ లాక్కోవడమే.

అసలు గంట దాటే లెక్కని నోట్‌బుక్ సెషన్‌కి వేలాడదీయడమే తప్పు. నోట్‌బుక్‌లో చిన్న డేటా మీద కోడ్ సరిచూసుకోండి. తర్వాత నోట్‌బుక్ మొత్తాన్ని కమాండ్‌తో నడిపే టూల్స్ వాడి, పేపర్‌మిల్‌తోనో, ఎన్‌బీకన్వర్ట్‌లోని ఎగ్జిక్యూట్ ఆప్షన్‌తోనో బయటినుంచి నడపండి. అప్పుడు అవుట్‌పుట్‌ని ఫైల్‌లో రాసేది ఆ ప్రోగ్రామే, బ్రౌజర్ అక్కర్లేదు. ఒక హెచ్చరిక: హబ్‌లోని టెర్మినల్ తెరిచి, విండో మూసినా పనిని నడిపించే నోహప్ పెట్టినా, టీమక్స్ పెట్టినా రక్షణ లేదు. కల్లర్ సర్వర్‌ని ఆపినప్పుడు కుబెర్నెటీస్‌లో పాడ్ (మీ సర్వర్ నడిచే కంటైనర్) మొత్తం పోతుంది. టీఎల్‌జేహెచ్‌లో అయితే, లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఆ యూనిట్‌లోని ప్రాసెస్‌లన్నిటినీ చంపుతుంది. టీమక్స్ కూడా వాటిలో ఒకటే. ఎస్‌ఎస్‌హెచ్‌తో నేరుగా లాగిన్ అయి నడపండి, లేదా మీ సంస్థలో జాబుల్ని వరుసలో నడిపే స్లర్మ్ ఉంటే జాబ్‌గా ఇవ్వండి.

ఎక్కడ నడిపినా చెక్‌పాయింట్ (మధ్యమధ్యలో పని స్థితిని ఫైల్‌లో దాచడం) తప్పనిసరి. ఎంత లెక్క పోతే మళ్లీ చేసుకోవడానికి మీకు ఓపిక ఉందో, అంత వ్యవధికోసారి సేవ్ చేయండి. 15 నిమిషాలు చాలామందికి సరిపోతుంది. సేవ్ చేసే తీరు కూడా ముఖ్యం. పాత ఫైల్ మీదే నేరుగా రాస్తే, రాస్తున్నప్పుడు ప్రాసెస్ చస్తే పాతదీ పోతుంది, కొత్తదీ సగమే ఉంటుంది. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, ఆపైన ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో అసలు పేరుకి మార్చండి. మోడల్ వెయిట్స్ ఒక్కటే దాస్తే సరిపోదు, ఆప్టిమైజర్ స్థితి, ఎపాక్ సంఖ్య, ర్యాండమ్ సీడ్ స్థితి కూడా దాచాలి. లేకపోతే మళ్లీ మొదలైన ట్రెయినింగ్ పాతదాని కొనసాగింపు కాదు.

మధ్యలో మీరే ఆపాలంటే ఇంటరప్ట్ బటన్ ఉంది. అది పైథాన్‌లో కీబోర్డ్ ఇంటరప్ట్‌గా వస్తుంది. 'ఎక్సెప్ట్' పక్కన ఏమీ రాయకుండా వదిలేసిన కోడ్ దాన్ని కూడా మింగేస్తుంది, లూప్ ఆగదు. 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' అని రాస్తే ఈ ఇబ్బంది ఉండదు. సీ భాషలో రాసిన లైబ్రరీ లోపల ఉన్నప్పుడు అది బయటికి వచ్చేదాకా ఇంటరప్ట్ పనిచేయకపోవచ్చు.

ఇన్ని చేశాక కూడా కెర్నల్ పోతే, ఎందుకు పోయిందో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే గడువులు మార్చండి. 'కెర్నల్ చనిపోయినట్టుంది, దానంతటదే మళ్లీ మొదలవుతుంది' అనే అర్థంలో సందేశం కనిపిస్తే తొలి అనుమానం మెమరీ మీదే. డీమెసేజ్ (లైనక్స్ సిస్టమ్ సందేశాల లాగ్)లో 'అవుట్ ఆఫ్ మెమరీ' లైన్ వెతకండి. కుబెర్నెటీస్‌లో అయితే ఎగ్జిట్ కోడ్ 137, పక్కన 'ఓఓఎమ్ కిల్డ్' (మెమరీ చాలక చంపేసింది) అన్న కారణం కనిపిస్తాయి. మొత్తం సర్వరే ఆగి 'స్టార్ట్ మై సర్వర్' పేజీ కనిపిస్తే హబ్ కల్లర్ లాగ్ చూడండి. ఆగిన సమయానికీ చివరి కదలికకీ మధ్య తేడా మీ గడువంతో, దానికంటే కాస్త ఎక్కువో ఉంటే అది ఐడిల్ కల్లింగే. కదలిక ఉండగానే ఆగితే 'మ్యాక్స్ ఏజ్' విలువ ఎవరైనా పెట్టారేమో చూడండి. అది మొదట 0గా ఉంటుంది. ఒకసారి విలువ ఇచ్చారంటే ఎంత బిజీగా ఉన్న సర్వర్‌నైనా ఆ వయసు రాగానే ఆపేస్తుంది.