ప్రశ్న సొంతమైతేనే జవాబు కొత్తగా వస్తుంది

ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. యువజన రేడియో కోసం హైస్కూలు పిల్లలు సినిమా, నాటకం, జానపద కళల వాళ్లను ఇంటర్వ్యూ చేయడం గురించి. పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు టీచరుగారు, రేడియోలో పనిచేసి రిటైరైన పెద్దాయన, సినిమాలకు డబ్బింగ్ చెప్పే కళాకారిణి, పదో తరగతి విద్యార్థిని, తొమ్మిదో తరగతి విద్యార్థి పాల్గొన్నారు.

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు మైకు పట్టుకుని ఒక కళాకారుడి ముందు కూర్చుంటే ఏం అడగాలి? ముందు నువ్వు చెప్పమ్మా. మొన్న డబ్బింగ్ మేడమ్‌గారిని ఇంటర్వ్యూ చేశావు కదా.

విద్యార్థిని: అవునండీ, చాలా టెన్షన్ పడ్డాను. మీకు ఇష్టమైన హీరో ఎవరో అడుగు, ఆ హీరోయిన్ ఎలా ఉంటుందో అడుగు అని ఫ్రెండ్సందరూ తలా ఒకటి చెప్పారు. నాకు మాత్రం ఒకటే తెలుసుకోవాలని ఉండేది. ఏడుపు సీన్లో డబ్బింగ్ చెబుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటారని. అదే అడిగేశాను.

డబ్బింగ్ కళాకారిణి: ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు, నిజం. తెర మీద ఆ అమ్మాయి ఎక్కడ వెక్కిందో నేనూ అక్కడే వెక్కాలి. ఊపిరి నాకు కావలసినప్పుడు తీసుకుంటే కుదరదు, ఆవిడ తీసుకున్నప్పుడే తీసుకోవాలి. అందుకని మైకు దగ్గరికి వెళ్లేముందు సీనంతా ఒకసారి నోరు మెదపకుండా చూస్తాను. స్క్రిప్టు కాయితం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాను. ఇక్కడ ఊపిరి, ఇక్కడ గొంతు పూడుకుపోవాలి, ఇక్కడ పెదవులు మూసుకుంటాయి అని. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి కదా. ఆ సమయానికి తెర మీద నోరు తెరిచి ఉంటే ఆ మాట మార్చమని రచయితను అడగాల్సిందే. ఇదంతా ఈ అమ్మాయికి చెబుతుంటే నా పని నాకే కొత్తగా కనిపించింది.

రేడియో పెద్దాయన: చూశారా! పేరున్న మనిషికి పాత ప్రశ్నల జవాబులన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. సినిమాల్లోకి ఎలా వచ్చారు అంటే చాలు, గడగడా అప్పజెప్పేస్తారు. పని గురించి అడిగితే ఒక్క క్షణం ఆగుతారు. రేడియోకి కావలసింది ఆ ఆగడమే. ఎడిటింగ్‌లో దాన్ని కోసిపారెయ్యకండి బాబూ. వినేవాడికి అక్కడే ఎదుటి మనిషి ఆలోచిస్తున్నాడని తెలుస్తుంది.

టీచరుగారు: మా టీచర్ల గురించి కూడా చెప్పాలండీ. చాలాచోట్ల ప్రశ్నలు పెద్దవాళ్లే పుస్తకం భాషలో రాసిచ్చేస్తారు, పిల్లలు వరసగా చదువుతారు. కళాకారుడు ఏదో అద్భుతమైన సంగతి చెబుతుంటాడు, వీళ్లు తర్వాతి ప్రశ్న వెతుక్కుంటూ ఉంటారు. దాన్ని ఇంటర్వ్యూ అని నేను ఒప్పుకోను. రెండు మూడు ప్రశ్నలు చాలు, మిగతావి వినడంలోంచి పుట్టాలి.

రేడియో పెద్దాయన: పిల్లల రేడియో అంటే మన బరంపురానికి ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు 1905లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన, ఆయన భార్య కామేశ్వరిగారు, అదే మన రేడియో అక్కయ్య, మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1945లో ‘బాల’ పత్రిక కూడా పెట్టారు. పిల్లలచేతే పాడించారు, వాళ్లచేతే నాటికలు వేయించారు. ఈ సంగతి ఇక్కడి పిల్లలకు చెప్పేవాళ్లే లేరు. ఆకాశవాణి 1969లో ఢిల్లీలో యువత కోసం యువవాణి కార్యక్రమం మొదలుపెట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే మన తెలుగువాళ్లు చిన్నపిల్లల్ని మైకు ముందు కూర్చోబెట్టారు.

విద్యార్థి: సార్, ఒక డౌటు. మాకు మాటల మధ్యలో ఒడియా దొర్లేస్తుంది. ‘ఏటి’, ‘అలాగుంది’ అంటాం. హైదరాబాద్ వాళ్లతో మాట్లాడితే నవ్వుతారేమో అని భయం. అందుకే మా వాళ్లు నోరు విప్పరు.

టీచరుగారు: నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేశారు. సవరల భాష నేర్చుకున్నారు, మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన పాఠం చెప్పిన ఊరి పిల్లలు సొంత మాట దాచుకోవడం ఏమిటి? నువ్వు ఇంట్లో అమ్మతో ఎలా మాట్లాడతావో అలాగే అడుగు నాన్నా.

డబ్బింగ్ కళాకారిణి: డబ్బింగ్‌లో పాత్రకు తగ్గ యాస నేర్చుకోవాలి, అది మా ఉద్యోగం. ఇంటర్వ్యూలో మీరు పాత్ర వెయ్యడం లేదు కదా.

రేడియో పెద్దాయన: నేను మాత్రం ఒక షరతు పెడతాను. యాస ఉండనివ్వండి, మాట చివర మింగెయ్యకండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. తిన్నగా పెడితే ప, ఫ దగ్గర గాలి కొట్టుకుని ధబ్బుమంటుంది. ఫ్యాను ఆపించండి. ప్రశ్నలు పల్చటి కాయితం మీద రాసుకోకండి, గరగరలాడుతుంది, అట్టముక్క మీద రాసుకోండి. అందరూ లేవబోయే ముందు ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడు అర నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో రెండు మాటలు అతికేటప్పుడు మధ్యలో అదే వేయాలి. లేకపోతే అతుకు తెలిసిపోతుంది.

సమన్వయకర్త: ఇంటర్వ్యూలకు పిల్లలు వెళ్లేటప్పుడు ఇంట్లో అనుమతి, తోడుగా ఒక పెద్దవాళ్లు. ఇది తప్పనిసరి. సరే, అసలు చిక్కు ఏమిటంటే, సినిమావాళ్లు దొరకాలి కదా?

విద్యార్థిని: దొరికినా అందరికీ హీరోలే కావాలండీ. నాకు డబ్బింగ్ వాళ్ల పేర్లు ఎందుకు తెలియవో అదీ అడగాలనిపించింది.

డబ్బింగ్ కళాకారిణి: పేర్లు తెర మీద పడేసరికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారమ్మా. రాజశేఖర్‌గారి సినిమాల్లో వినిపించే గొంతు సాయికుమార్‌గారిదని జనానికి తెలిసింది. సునీతగారు గాయని కాబట్టి ఆమె హీరోయిన్లకు గొంతిచ్చారన్నదీ తెలిసింది. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి ఆడవాళ్లకి, మగవాళ్లకి విడివిడిగా బహుమతులు ఉండేవి, అదొక గౌరవం. మిగతావాళ్ల సంగతి మీలాంటివాళ్లు అడిగితేనే బయటికొస్తుంది. సౌండు చేసేవాళ్లని అడగండి, మేకప్ వాళ్లని అడగండి.

టీచరుగారు: దూరం వెళ్లక్కర్లేదు కూడా. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర జరుగుతుంది, పులివేషాలు కడతారు. గంజాంలో ప్రహ్లాద నాటకం ఉంది, మెట్లుమెట్లుగా వేదిక కట్టి ఆడతారు. దాసకాఠియా ఉంది. ఇద్దరే మనుషులు, చేతుల్లో కర్ర తాళాలు, పాటా మాటా కలిపి కథంతా వాళ్లే నడిపిస్తారు. వీళ్లు వినోద రంగం మనుషులు కాదా? టికెట్ లేకుండా ఊరు ఊరంతటినీ కూర్చోబెడుతున్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియోని పల్లెటూరి మహిళలు 2008 నుంచి నడుపుతున్నారు, తమ చుట్టూ ఉన్న మనుషులతోనే. మనవాళ్లూ అక్కడే మొదలుపెట్టాలి.

విద్యార్థి: నేను దాసకాఠియా ఆయన్ని అడగడానికి రాసుకున్నానండీ. చదవమంటారా?

సమన్వయకర్త: చదువు బాబూ.

విద్యార్థి: ‘తాళం కొడుతూ పాడుతున్నప్పుడు చెయ్యి నొప్పెట్టి లయ తప్పితే వెంటనే ఎలా సర్దుకుంటారు?’ ఇంకొకటి, ‘కథ మధ్యలో జనం లేచి వెళ్లిపోతుంటే ఆపడానికి ఏం చేస్తారు?’

రేడియో పెద్దాయన: రెండూ బావున్నాయి. రెండోది ముందు అడుగు. ఆయన కచ్చితంగా ఏదో ఒకటి చేసి చూపిస్తాడు, పాడి వినిపిస్తాడు. రికార్డర్ అప్పటికే ఆన్‌లో ఉండాలి.

డబ్బింగ్ కళాకారిణి: పక్కన వంతపాడే రెండో మనిషి, పాళియాని కూడా అడుగు. అందరూ ప్రధాన గాయకుడితోనే మాట్లాడతారు.

విద్యార్థి: అయితే ఆయన్నే ముందు అడుగుతాను. గాయకుడికి గొంతు పోయిన రోజు కథ ఆయన ఒక్కడూ లాగగలడా అని.

రేడియో పెద్దాయన: ఇది అట్టముక్క మీద అన్నిటికన్నా పైన రాసుకో.