ఈయోరాప్టర్ పుర్రె నకలు: డబ్బు కట్టే ముందు పళ్లు చూడండి

నమస్కారం. ఈ రోజు బల్ల మీదికి వచ్చింది ఈయోరాప్టర్ అనే తొలితరం డైనోసార్ పుర్రె, రెజిన్‌తో పోసిన నకలు. జానెడు కూడా లేదు, 12 సెంటీమీటర్లకు అటూ ఇటూ. డైనోసార్ల తొలి తరాలు ఇంత చిన్నవని చేత్తో పట్టుకుంటేనే నమ్మకం కుదురుతుంది.

అసలు శిలాజం అర్జెంటీనాది. 1991లో ఇస్చిగువలాస్తో లోయలో శిలాజ శాస్త్రవేత్త రికార్డో మార్టినెజ్ కంటపడింది. వయసు సుమారు 23 కోట్ల సంవత్సరాలు.

ఇప్పుడు భూతద్దంతో పళ్లు చూద్దాం, ఎందుకంటే ఈ జంతువు కథంతా ఇక్కడే ఉంది. కొన్ని ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి, కొన్ని వెనక్కి వంగిన కత్తుల్లా ఉన్నాయి. 1993లో శిలాజ శాస్త్రవేత్త పాల్ సెరెనో బృందం దీనికి పేరు పెట్టినప్పుడు మాంసాహారులైన థెరోపాడ్ల వంశంలో చేర్చింది. 2011లో మార్టినెజ్, సెరెనో తదితరులే అభిప్రాయం మార్చుకుని, పొడవు మెడ శాకాహారుల వైపు జరిపారు. వాదన ఇంకా ముగియలేదు. అందులో ఈ పళ్లు పెద్ద సాక్ష్యం. అందుకే అన్ని పళ్లూ ఒకే రకం మేకుల్లా చెక్కిన నకలు ఎంత మెరిసినా నా దృష్టిలో అది బొమ్మే.

ఈ నకలులో రెండు రకాల పళ్లూ స్పష్టంగా విడివిడిగా తెలుస్తున్నాయి. నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే వెనుక పళ్ల అంచున ఉండాల్సిన సన్నని రంపపు గాట్లు మొద్దుబారాయి. ఒకే సిలికోన్ అచ్చులో ఎక్కువసార్లు పోస్తే ముందుగా పోయేవి ఇలాంటి గాట్లే. ఒక పంటి కొనలో గాలి బుడగ కూడా మిగిలింది. రంగు మరీ దట్టంగా వేశారు, ఎముకల మధ్య అతుకులు కనబడడం లేదు. దవడలను కలిపి అంటించేశారు, కాబట్టి అంగిలి చూసే వీలు లేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

హెర్రెరాసారస్ అనే మరో తొలితరం డైనోసార్ పుర్రె నకలు కొనాలనుకునేవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోండి. దాని కింది దవడ మధ్యలో అదనపు కీలు ఉంది, వేటను గట్టిగా పట్టుకోవడానికి పనికొచ్చేదని భావిస్తారు. దవడ విడిగా రాని నకలులో ఆ కీలును లోపలి వైపు నుంచి చూడలేరు. ఆ జంతువుకు 1963లోనే పేరు పెట్టినా, పూర్తి పుర్రె 1988లో గానీ దొరకలేదు. ఎందుకంటే పుర్రె ఎముకలు పలుచన, త్వరగా చెదిరిపోతాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్‌ను చూసినవారికి తెలిసే ఉంటుంది: మన గోదావరి లోయలో దొరికిన ఆ డైనోసార్‌కు పళ్లు తప్ప తల దొరకలేదు. అక్కడ కనిపించే తల ఊహించి చేసినదే.

మరి దీన్ని కొనవచ్చా? పళ్ల కోసం కొనవచ్చు. అయితే అమ్మేవారిని రెండు విషయాలు అడగండి: ఇది అసలు శిలాజం నుంచి తీసిన అచ్చేనా, ఎక్కడెక్కడ పూడ్చి సరిచేశారు? మీకు పంపబోయే నకలు పళ్లను దగ్గరగా తీసిన ఫొటో కూడా తెప్పించుకోండి. పంపకపోతే ఆ బేరం వదిలేయండి.