ఫిట్స్ మాత్ర మెదడులో ఏం చేస్తుంది?

[తెర మీద: సన్నగా వణుకుతూ సాగే ఈఈజీ గీతలు]

ఈ గీతలు చూడండి. మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా చూపే పరీక్ష ఇది, దీన్నే ఈఈజీ అంటారు. దేని దారి దానిదే అన్నట్టున్నాయి కదా? మామూలుగా పనిచేస్తున్న మెదడు ఇలాగే కనిపిస్తుంది.

[గీతలన్నీ ఒక్కసారిగా పెద్దవై, ఒకే లయలో ఎగసిపడతాయి]

ఇప్పుడు చూడండి. ఒక మొన, దాని వెనకే గుండ్రటి అల. మళ్లీ మొన, మళ్లీ అల. సెకనుకు 3 సార్లు. సరిగ్గా అప్పుడే, గట్టిగా పాఠం చదువుతున్న పాప మాట మధ్యలో ఆగిపోయింది. చూపు నిలిచిపోయింది. 10 సెకన్లయ్యాక ఏమీ జరగనట్టే మళ్లీ చదువుతోంది. కింద పడలేదు, కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు. అయినా ఇది ఫిట్సే. దీన్ని పరధ్యానం అనుకుని పిల్లల్ని కోప్పడతారే, అది తలచుకుంటే బాధేస్తుంది.

[నాడీకణం, దాని పొర మీద చిన్న చిన్న ద్వారాలు]

నాడీకణం పొర మీద సోడియం ద్వారాలుంటాయి. అవి తెరుచుకోగానే సోడియం లోపలికి దూసుకొస్తుంది, కణం విద్యుత్ సంకేతం పంపుతుంది. వెంటనే ద్వారం మూసుకుని, లిప్తకాలం అలసట తీర్చుకుని, మళ్లీ సిద్ధమవుతుంది. కణాలు మితిమీరకుండా 'గాబా' అనే రసాయనం అదుపు చేస్తుంటుంది. ఆ అదుపు తప్పి, బోలెడు కణాలు ఒక్కసారే రెచ్చిపోతే ఫిట్స్ వస్తుంది.

ఫెనిటాయిన్, కార్బమజెపైన్ మాత్రలు అలసిన ద్వారాన్నే పట్టుకుని, ఇంకాసేపు తెరుచుకోనివ్వవు. నింపాదిగా పనిచేసే కణానికి ఆ ఆలస్యం పెద్దగా తెలియదు. ఆగకుండా సంకేతాలు పంపే కణమే దొరికిపోతుంది. నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. ఫిట్స్ ఆగుతుంది, ఆలోచన మాత్రం సాగుతూనే ఉంటుంది. మోతాదు ఎక్కువైతే మగత, తూలుడు వస్తాయి, అది డాక్టరుకు చెప్పాలి.

క్లోబజామ్ దారి వేరు, అది గాబాకు బలమిస్తుంది. మరి ఆ పాపకు? కార్బమజెపైన్ ఇస్తే ఆమెకు ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదముంది. ఆ 3 అలల లయకు కాల్షియం ద్వారాలతో సంబంధం, వాటిని అదుపు చేసేది ఎథోసక్సిమైడ్ అనే మందు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదనేది ఇందుకే.

[మాత్రల డబ్బా, ఒక పూట గడి నిండుగానే ఉంది]

మాత్ర ఈ ద్వారాలను బాగుచేయదు, రక్తంలో సరిపడా ఉన్నంతసేపే పట్టుకుని ఉంచుతుంది. పూట తప్పితే పట్టు సడలుతుంది. ఉన్నట్టుండి మానేస్తే ఆగని ఫిట్స్ రావచ్చు. ఈఈజీ నార్మల్‌గా వచ్చిందని మానేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పరీక్ష జరిగిన ఆ కాసేపట్లో ఆ అలలు కనిపించలేదు, అంతే. మాత్ర ఆపాల్సి వస్తే డాక్టరే నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే మాత్రం ఇంట్లో ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.