పచ్చి టమాటాలో చేదు ఎవరి కోసం?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ పచ్చి టమాటా పచ్చడి చేసే ముందు కాయ కోసి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూసేది. "ఇంకా చేదుందిరా, నాలుగు రోజులాగి చేస్తాలే" అనేది ఒక్కోసారి. ఆ చేదు ఎవరి కోసమో అప్పట్లో నాకు తట్టలేదు. మన కోసమైతే కాదు. మన కోసమే అయితే పండేసరికి ఎందుకు పోతుంది?

ఆ చేదు పేరు టమాటిన్. అదొక ఆల్కలాయిడ్. మాట కొత్తగా ఉన్నా సరుకు పాతదే. కాఫీలో కెఫీన్, పొగాకులో నికోటిన్, మలేరియాకు వాడిన క్వినైన్, అన్నీ ఆల్కలాయిడ్లే. టమాటా మొక్కలో ఇది ఆకుల్లో ఉంటుంది, వేళ్ళలో ఉంటుంది, పచ్చి కాయలో ఉంటుంది. ఆకులు తుంచితే చేతికి అంటుకుంటుందే, ఆకుపచ్చ జిడ్డు, అది వేరండీ. అది ఆకు మీది నూగులోంచి వచ్చేది.

1940లలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు టమాటాలో వడలు తెగులు గురించి పనిచేస్తూ, మొక్క రసంలో శిలీంధ్రాన్ని పెరగనివ్వని పదార్థం ఒకటి ఉందని పట్టుకున్నారు. శిలీంధ్రమంటే బూజు జాతి. ఆ పదార్థమే టమాటిన్.

ఇది పనిచేసే తీరు నాకు చాలా ఇష్టం. కాస్త నిదానంగా చెబుతాను. టమాటిన్‌కు ఒక తల, ఒక తోక ఉన్నాయనుకోండి. తోక నిండా చక్కెరలు. రెండు గ్లూకోజు, ఒక గెలాక్టోజు, ఒక జైలోజు. మొత్తం నాలుగు. ఈ నాలుగూ గుర్తుంచుకోండి, వీటితో పనుంది.

శిలీంధ్రం కణం చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో స్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మన ఒంట్లో కొలెస్టరాల్ ఉంది చూశారూ, దానికి దాయాది. టమాటిన్ వెళ్ళి ఆ స్టెరాల్‌ను పట్టుకుంటుంది. పట్టుకుని గుంపు కడుతుంది. అక్కడ పొర చిరుగుతుంది. లోపలి సరుకంతా కారిపోతుంది. కుండకు చిల్లు పడ్డట్టే!

మరి ఇంత మందు ఒంట్లోనే ఉంటే టమాటాకు తెగుళ్ళు ఎందుకొస్తాయి? రైతులెవరైనా వింటుంటే ఈపాటికి ఈ ప్రశ్న వేసే ఉంటారు.

ఎందుకంటే అవతలివాడి దగ్గర కత్తెర ఉంది. ఆకుల మీద మచ్చలు తెచ్చే సెప్టోరియా అనే శిలీంధ్రం, నేను గుర్తుంచుకోమన్న ఆ నాలుగు చక్కెరల్లో ఒక్కదాన్ని కత్తిరిస్తుంది. ఒక్కటంటే ఒక్కటి. అంతటితో టమాటిన్‌కు పట్టు తప్పుతుంది. వడలు తెగులు తెచ్చే ఫ్యుజేరియం ఇంకా గడుసుది. నాలుగింటినీ ఒకేసారి, తోక తోకంతా తెంపేస్తుంది. ఈ కత్తెర ఒక ఎంజైము. దాని పేరు టమాటినేజ్.

ఇంతటితో అయిపోలేదు. 2002లో తేలిన సంగతి ఇది. సెప్టోరియా కత్తిరించగా మిగిలిన ముక్క మొక్కలోని మిగతా రక్షణ ఏర్పాట్లను కూడా జోకొడుతుందట. కాపలావాడి కర్ర లాక్కుని, ఆ కర్రతోనే వాణ్ణి కొట్టినట్టు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు శిలీంధ్రం మీద కోపం రాలేదు, నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. పంట పోయినవాళ్ళు నన్ను క్షమించాలి.

పండు సంగతి కూడా చెప్పాలి కదా. పండే వేళకు మొక్క తానే టమాటిన్‌ను చేదు లేని మరో పదార్థంగా మార్చేస్తుంది. ఆ మార్పు జరగాలంటే కణంలోని సంచిలోంచి టమాటిన్‌ను బయటికి మోసే కూలీ ఒకటి కావాలి. దానికి శాస్త్రవేత్తలు గోర్కీ అని పేరు పెట్టారు. రష్యన్‌లో గోర్కీ అంటే చేదు. ఆ కూలీ లేకపోతే పండు పండినా చేదుగానే ఉంటుంది. అన్నట్టు, పచ్చి టమాటా పచ్చడికి భయపడనక్కర్లేదు. ఎండ తగిలి పచ్చబడ్డ ఆలుగడ్డను మాత్రం పారేయండి. అందులోది సోలనిన్ అనే విషం, ఉడికించినా పోదు.

ఇక పొలంలోకి వద్దాం. టమాటిన్ పట్టుకునేది స్టెరాల్‌ను అన్నాను కదా. బాక్టీరియా పొరలో సాధారణంగా స్టెరాల్ ఉండదు. పట్టుకోవడానికి పిడే లేదు! మనం కొనే శిలీంధ్రనాశనుల్లోనూ చాలావాటిది ఇదే కథ, బూజు మీద తప్ప బాక్టీరియా మీద పనిచేయవు. టమాటాకు వడలు తెగులేమో రెండు రకాలుగా వస్తుంది, ఒకటి శిలీంధ్రం వల్ల, ఒకటి బాక్టీరియా వల్ల. ఏదో తెలియకుండా మందు కొడితే డబ్బు దండగ. మదనపల్లె వైపు రైతయినా, పెరట్లో నాలుగు మొక్కలు వేసుకున్నవారయినా ఇక్కడే పొరపడతారు.

చూసి కొంత పోల్చుకోవచ్చు. శిలీంధ్రమైతే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, చాలాసార్లు మొక్కకు ఒకవైపే. బాక్టీరియా అయితే పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి తల వాల్చేస్తుంది. అయినా అనుమానమే అనుకోండి, గ్లాసు పరీక్ష చేయండి. గాజు గ్లాసులో తేట నీళ్ళు పోయండి. వాడిన మొక్క మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం ముక్క కోసి, కోసిన కొస నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. కదపకండి. బాక్టీరియా అయితే కొద్ది నిమిషాల్లోనే పాలధారలాంటి తెల్లటి తీగ కిందికి జారుతుంది. శిలీంధ్రమైతే నీళ్ళు తేటగానే ఉంటాయి, కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల గోధుమరంగు చారలు కనబడతాయి.

తెల్లటి తీగ దిగితే ఆ మొక్కను బతికించే మందు లేదు. వేళ్ళతో సహా పీకి దూరంగా కాల్చేయండి. వచ్చే పంటకు అక్కడ టమాటా, వంగ, మిరప, ఆలుగడ్డ వేయకండి, వాటన్నిటికీ అదే బాక్టీరియా పడుతుంది. ఆ గ్లాసులో నీళ్ళున్నాయే, వాటిని మళ్ళీ మడిలో పారబోయకండి. కోసిన కత్తిని నిప్పు సెగ చూపించాకే ఇంకో మొక్కకు తాకించండి.

సెలవు.